తాడు వదిలించే పాదం

వడ్రంగి బరమా పడవ కడుపుని తొలుచుకుంటూ దిగుతుంటే ఫ్యాక్టరీ గోడ బయట నిలబడి నలభై మంది చూస్తున్నారు.

ఫరాలా దీవిలో మూడు తరాలు సూరచేపల్ని మోసిన పడవ అది. ఆరేళ్ల కిందట స్కలబ్రినో దొర వేటలో లాభం లేదని వలలు అమ్మేశాడు, చేపల డబ్బాల ఫ్యాక్టరీకి తాళం వేశాడు. ఇప్పుడా ఫ్యాక్టరీని హోటలు చేస్తున్నాడు. సముద్రంలోకి దిగే రాతి జారుబాట తలాపున పడవని నిలబెట్టి, మందు సీసాల బల్లగా మారుస్తున్నాడు. అతిథులు ఒలకబోసింది కారిపోవడానికి దాని అడుగున బెజ్జం కావాలట!

"తల్లి కడుపులో చిల్లి పెడుతున్నార్రా," అన్నాడు గస్పారె. నలభై ఏళ్లు ఆ వేటకి సరంగుగా ఉన్న ముసలాయన. కాండ్రించి ఉమ్మాడు.

ఆయన పక్కనున్న నూంజియో తల తిప్పుకున్నాడు. అతని జేబులో ఒక కాగితం ఉంది.

హోటలు తెరిచే రోజున ఎనిమిది మంది పాత పడవవాళ్లు చారల చొక్కాలు తొడుక్కుని, పడవకి కట్టిన తాడు లాగుతున్నట్టు నటిస్తూ వేట పాట పాడాలని ఆ కాగితంలో ఉంది. "మన సంస్కృతిని మనం కాపాడుకోకపోతే ఎవరు కాపాడతారు నూంజియో?" అని దొర స్వయంగా వచ్చి భుజం మీద చెయ్యేశాడు. జన్మలో దొర చెయ్యి తగలని భుజం, ఇట్టే కరిగిపోయింది. పాటయినా బతుకుతుంది కదా అనుకుని ఎనిమిది మంది తరఫునా నూంజియో సంతకం పెట్టేశాడు. కాగితం అడుగున ఇంకో ముక్క కూడా ఉంది. ఆఖరి పాదం పాడకూడదు.

ఆ సాయంత్రం నూంజియో ఇంటి ముంగిట్లో పంచాయితీ పడింది. అతని కూతురు నింఫా ఫ్యాక్టరీలో పదేళ్లు చేపలు కోసిన మనిషి. ఇప్పుడదే గోడల మధ్య తెరవబోయే హోటలు గిన్నెలు తోముతోంది. కాగితం పైకెత్తి అందరికీ చదివింది.

"తోకే కదమ్మా కొట్టేసింది, తల ఉంది కదా," అన్నాడు నూంజియో నీళ్లు నములుతూ.

"తోక లేకపోతే చేప ఈదుతుందా నాన్నా?"

"ఏదో ఒకటి, నాలుగు రోజులు కూడు దొరుకుతుంది. కాదంటే ఏం తింటాం, పౌరుషమా?" అన్నాడు గుంపులోంచి ఒకడు.

"ఆరేళ్లుగా అదే తింటున్నాం. అరిగిందేంటి నీకు?" అని నింఫా గయ్యిమంది. ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వులో సంతోషం లేదు.

గస్పారె చేతికర్రతో నేల మీద కొట్టాడు.

"నేను చెప్తా వినండి. ఆ పాదం ఎందుకు పుట్టింది? ఆఖరి చేప పడవలో పడ్డాక దొరని మొహం మీదే తిట్టేవాళ్లం. ఈ దొర తాత టోపీ తీసి, ఎండలో నిలబడి విన్నాడు. వీడి అయ్యా విన్నాడు. ఏడాది పొడుగునా మనం వంగేవాళ్లం, ఆ ఒక్క పూటా వాళ్లు వంగేవాళ్లు. ఆ హక్కు ఎవడూ దానం చెయ్యలేదు. మా తాతల కాలంలో పాదం పాడనివ్వకపోతే తాడు వదలం, చేప దించనివ్వం అని మొండికేసి సంపాదించారు. అరచేతులు చీలి నెత్తురు కారినా వదల్లేదు. అప్పట్నించీ ఆచారం అదే. పాదం పాడేదాకా తాడు వదలకూడదు. రాగం అట్టేపెట్టుకుని ఆ పాదం పారేశారంటే మీరు కాపాడేది పాటని కాదు, పీనుగుని."

నూంజియో తలెత్తలేదు. ఉన్నట్టుండి ఏడుపులాంటి నవ్వొకటి నవ్వాడు.

"సరంగు మావా, వాడే కదా పాదం పాడొద్దని రాసుకున్నాడు? పాదం లేకపోతే తాడు వదలకూడదు కదా? మరి వదలకుండా లాగుదాం!"

ముసలాయన అతని వంక తేరిపార చూశాడు. "ఒరే నూంజియో, అరవై ఏళ్లకి నీకు బుద్ధి వచ్చిందిరా," అన్నాడు.

మర్నాడు గిన్నెలు తోమే ఆడవాళ్లు పడవ బెజ్జంలో కొయ్యమేకు దిగ్గొట్టి, జనపపీచు తారులో ముంచి కూరారు. మేనేజరు అడిగితే, ఎలుకలు దూరకుండా, తెరిచే రోజు పీకేస్తాం అని నింఫా చెప్పింది. అతను మెచ్చుకున్నాడు కూడా.

హోటలు తెరిచే రోజు మధ్యాహ్నం తెల్ల గుడ్డలు పరిచిన బల్లల దగ్గర అతిథులు కూర్చున్నారు. పాట మొదలైంది. గస్పారె ఎత్తుకున్నాడు, ఏడుగురు అందుకున్నారు. అతిథులు చప్పట్లు కొట్టారు. నాలుగో పాదానికి తాడు బిగిసింది. అయిదో పాదానికి పడవ కదిలింది. సీసాలు టపటపా రాతి మీద పడి పగిలాయి.

"ఏయ్! వదలండి! తాడు వదలండి!" స్కలబ్రినో దొర కుర్చీ తన్నుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఎలా వదులుతాం దొరా?" నూంజియో లాగుతూనే అరిచాడు. "పాదం పాడందే వదలకూడదు. పాడొద్దని తమరే రాయించారు. నేనే సంతకం పెట్టాను!"

వంటింట్లోంచి నింఫా చేతులు తుడుచుకోకుండానే వచ్చి తాడు పట్టుకుంది. ఆమె వెనక ముప్పై మంది ఆడవాళ్లు. గోడ దూకి మగపిల్లలు, ముసలివాళ్లు. ఇన్నేళ్లూ ఆ పాట ఒడ్డునుంచి విన్నవాళ్లే తప్ప పాడినవాళ్లు కారు. అయినా ఒక్క మాట తప్పు పోలేదు. పడవ జారుబాట సగానికి దిగింది. నీళ్లు ఇంకా పది బారలు.

అప్పుడు పోలీసులొచ్చారు. లాఠీలకు చేతులు లొంగలేదు. దొర ఏదో సైగ చేశాడు. ఒక పోలీసు వంటింటి కత్తి అందుకుని, బిగుసుకున్న తాడు కోసేశాడు.

లాగుతున్నవాళ్లంతా ఒకళ్ల మీద ఒకళ్లు వెనక్కి పడ్డారు. అందరికన్నా చివర, నీళ్ల అంచున, గస్పారె ఉన్నాడు. ముసలి తల రాతికి కొట్టుకుంది. నూంజియో పాకుతూ వెళ్లి ఎత్తుకునేసరికి ఊపిరి లేదు. పిడికిట్లో తాడు మాత్రం ఉంది. ఆ వేళ్లు విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు.

"అనుకోని ప్రమాదం," అని పోలీసులు రాసుకున్నారు.

మూడో రోజు శ్మశానానికి దీవి దీవంతా కదిలింది. స్కలబ్రినో దొర కూడా నల్ల సూటు వేసుకుని, టోపీ పెట్టుకుని, తనంత పూలచక్రం తెచ్చాడు. "ఫరాలా సంస్కృతికి చివరి కాపలాదారు" అని దానిమీద బంగారు అక్షరాలు. సిగ్గన్నది ఎక్కడ అమ్ముతారో వాడికి తెలిసినట్టు లేదు.

తాళ్ల మీద శవపేటికని గోతిలోకి దించారు. అడుగు తగిలింది. ఎనిమిది మంది చేతుల్లో తాళ్లు అలాగే ఉన్నాయి. ఎవరూ వదల్లేదు.

పాద్రీ దగ్గాడు. "ఇక వదలండి నాయనా," అన్నాడు.

వదల్లేదు. సరంగు లేడు, ఎత్తుకునేవాడు లేడు. నూంజియో తాడుని ఇంకో చుట్టు చేతికి చుట్టుకున్నాడు. అప్పుడు నింఫా ముందుకొచ్చింది. ఆ పాట ఆడది ఎత్తుకోవడం ఆ దీవిలో అదే మొదలు.

"కండంతా నువ్వు తిన్నావు దొరా, ముల్లు మాకు మిగిల్చావు!
ముల్లు నీ గొంతులో దిగిననాడు, తీసే చెయ్యి రాదు దొరా!"

దీవి దీవంతా అందుకుంది. దొర వెనక్కి తిరిగాడు. దారి లేదు, చుట్టూ జనమే. చేత్తో తడుముకుని, తాతలాగే టోపీ తీశాడు. పాదం మూడుసార్లు పూర్తయ్యేదాకా ఎండలో నిలబడి విన్నాడు.

అప్పుడు తాళ్లు వదిలారు.

గేటు దగ్గర నూంజియో కోసం పోలీసులు కాచుకుని ఉన్నారు. అతను చేతులు చాచాడు. అరచేతుల నిండా తాడు ఒరిపిడి, ఎండిన నెత్తురు. సంకెళ్లు పడుతుంటే కూతురి వంక చూశాడు.

"పడవ ఎక్కడుందమ్మా?"

"సగం దారిలో ఉంది నాన్నా."

నింఫా గోతి ఒడ్డున పడున్న తాళ్లు ఏరి, చుట్టలు చుట్టి, భుజాన వేసుకుంది. ఆడవాళ్లు ఆమె వెనకే జారుబాట వైపు నడిచారు.