ఎవరి జేబు వాళ్ళే

"జేబులు చూశావా?" హాల్లోంచే కేకేశాడు భర్త. బట్టలు వాషింగ్ మెషీన్‌లో పడే ముందు ఆ ఇంట్లో ఈ ప్రశ్న తప్పదు. జేబులు ఆయనవి, చూడాల్సింది ఆవిడ. ఒకసారి మూత లేని పెన్నొకటి ఆవిడ కళ్ళుగప్పి లోపలికి పోయి, ఇంటిల్లిపాది బట్టలకీ నీలం రంగు పూసింది. "ఆమాత్రం చూసుకోవద్దూ?" అన్నాడాయన. పెన్ను ఎవరిదని ఎవరూ అడగలేదు. అప్పట్లో ఆవిడకీ తోచలేదు.

ఆఫీసులోనూ ఆవిడది అదే పని. టీములో తొమ్మిదిమంది ప్రోగ్రామర్లు శుక్రవారం సాయంత్రం ఎవరు రాసిన కోడు వాళ్ళు తెచ్చి అసలు ప్రోగ్రాంలో కలిపేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోతారు. శనివారమంతా ఆవిడ ఒక్కో బటనూ నొక్కి చూస్తూ, ఎవరిది ఎక్కడ తగలడిందో వెతుక్కుంటుంది. తప్పు పట్టుకుంటే "అత్తగారు మొదలెట్టారు" అని నవ్వులు. మూడేళ్ళుగా అదే పేరు. తనూ నవ్వేసేది గానీ, లోపలెక్కడో చురుక్కుమనేది.

ఆ సోమవారం మేనేజరు, ప్రోగ్రాం మాటిమాటికీ పాడవకుండా చెయ్యాల్సిన పదకొండు మార్పులు బోర్డు మీద రాసి, "ముందు ఏది చేద్దాం?" అన్నాడు. కొత్త సర్వరన్నాడొకడు. ఇంకా వేగమైన కంప్యూటర్లన్నాడు మరొకడు. ఆవిడ లేచి, అట్టడుగున ఉన్నదాన్ని చెరిపి అన్నిటికంటే పైన రాసింది: ఎవరి కోడు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టు వాళ్ళే రాయాలి. అది పాసైతేనే కలపాలి.

"మీరుండగా మాకు టెస్టులెందుకండీ?" అన్నాడు సీనియర్ ప్రోగ్రామర్, పొగుడుతున్నట్టే.

"ఆర్నెల్లలో నలభైసార్లు ప్రోగ్రాం పాడైంది. ముప్ఫై మూడుసార్లు కారణం టెస్టు చెయ్యని కోడు కలపడమే. సర్వరు వల్ల ఒక్కసారి. తేదీలతో సహా రాసిపెట్టాను. మెషీన్‌లో బట్టలేసే ముందు ఎవరి జేబు వాళ్ళు చూసుకోవాలండీ. ఒక్కరి పెన్ను చాలు, అందరివీ పాడవడానికి."

"మరి మీకేం పని మిగులుతుంది?" అన్నాడు మేనేజరు.

ఆదివారమంతా ఆవిడ భయపడింది ఈ ప్రశ్నకే.

"మీ బుర్రలకి తట్టని తప్పులు వెతుకుతాను. ఆ పని ఇక్కడ నాకొక్కదానికే వచ్చు."

ఆ మాట అన్నాక ఎంత గర్వంగా ఉందో! ఆవిడ ఇచ్చిన తేదీల కాగితం మేనేజరు రెండుసార్లు చదివి, బోర్డు మీద ఆవిడ రాసినదాని పక్కన ఒకటో అంకె వేశాడు.

ఇంటికొచ్చి మెషీన్ తలుపు తీసిందో లేదో, హాల్లోంచి మళ్ళీ అదే కేక.

"లేదు," అంటూ ఆయన ప్యాంట్లు తెచ్చి ఆయన ఒళ్ళోనే పెట్టింది. "మీరు చూసినవే మెషీన్‌లోకి వెళ్తాయి."

ఆయన విసుగ్గా మొదటి జేబులో చెయ్యి పెట్టాడు. పెన్ను. మూత లేదు. మూతేదని అడగబోయి, ఆవిడ మొహం చూసి, తనే వెతుక్కోవడానికి లేచాడు.