తొక్కలో బలం

దుంపల మామయ్య బంగాళాదుంపలు రెండు రకాలుగా పండించేవాడు. కాలువ పక్కనున్న పెద్ద పొలంలోవి జనానికి. వంటింటి వెనక మడిలోవి ఇంటికి. పొలం మీద సంచుల కొద్దీ మందులు కుమ్మరించేవాడు కానీ, మడికి పేడ, బూడిద తప్ప ఇంకోటి తగలనిచ్చేవాడు కాదు. "జనం ఏం తింటే నాకేంటి, నా మనవరాలు మాత్రం శుభ్రమైంది తినాలి" అని సిగ్గూ ఎగ్గూ లేకుండా నలుగురిలోనూ అనేవాడు.

ఆ మనవరాలికి నాలుగేళ్లు. ఉడికిన దుంపను తొక్కతో సహా మెదిపి ఆయనే తినిపించేవాడు.

"తొక్కలోనే ఉంది బలమంతా!"

"తొక్కలో బలం" అని గొణిగేది కోడలు, ఆయనకు వినపడీ వినపడకుండా.

అలా ఉండగా, ఎగువనున్న బ్యాటరీల ఫ్యాక్టరీ కాలువలోకి ఏదో వదులుతోందని పుకారు పుట్టింది. మట్టి పరీక్షలు చేసే అమ్మాయి వచ్చి రైతులకు తలా ఒక సంచీ ఇచ్చి, పొలం మట్టి నింపి పంపమంది. మామయ్య గుండెల్లో రాయి పడింది. పొలం చెడ్డదని తేలితే పంటంతా పారబోయాల్సిందే. అందుకని తన తెలివినంతా ఉపయోగించి, పెరటి మడిలోని మట్టి సంచీకెత్తి, మీసం మెలేశాడు.

కొన్నాళ్లకు ఫోనొచ్చింది.

"మామయ్యగారూ, మీ మట్టిలో సీసం చాలా ఎక్కువగా ఉందండీ."

"నాకు ఆటవెలదే సరిగ్గా రాదు, సీసం నేనెప్పుడు రాశానమ్మా?"

"పద్యం కాదండీ, లోహం! ఆ దుంపలు ఎవరూ తినకూడదు. తొక్క అసలే వద్దు. చిన్నపిల్లలకైతే మెదడు దెబ్బతింటుంది. ఇంతకీ ఆ మట్టి పొలంలోదే కదా?"

పొలంలోదే అనడానికి మామయ్య నోరు తెరిచాడు. ఎదురుగా వంటింట్లో మనవరాలు అంతకంటే పెద్దగా నోరు తెరిచి కూర్చుంది. నానమ్మ చెంచా ఎత్తింది.

మామయ్య ఒక్క పరుగున వెళ్లి కంచం లాగేసుకున్నాడు. పిల్ల లబోదిబోమంది.

"పొలంలోది కాదమ్మా" అన్నాడు ఫోన్లో. "మా పెరట్లోది. మేం తినే దుంపల మడి."

ఆ అమ్మాయి మెల్లగా అడిగింది: "పాత రంగులేసిన చెక్కలు కాల్చి, ఆ బూడిదేమైనా పోశారా?"

పోశాడు. కూలగొట్టిన బడి తలుపులు ఉచితంగా దొరికితే, రంగుతో సహా నీళ్ల పొయ్యిలో పెట్టి, ఆ బూడిదంతా ఎంతో ప్రేమగా మడికే పోశాడు.

ఆయన భార్య పెళ్లయిన నాటి నుంచీ "ఏమండీ", "మీరు" తప్ప మరో మాట ఎరగదు. సంగతంతా విని, "నీ దుంప తెగ!" అంది.

పిల్ల రక్తం పరీక్షకు ఇచ్చి వచ్చారు. ఈలోగా అసలు పొలం మట్టిని పంపితే, అందులో ఏ దోషమూ లేదని కబురొచ్చింది. మామయ్య పొలం దుంపల బుట్ట ఎత్తుకుని వంటింట్లోకి దూరాడు.

"పొలం బంగారమేనే! జనానికి పెట్టిందంతా నిక్షేపంలా ఉందట!"

"పిల్ల రక్తం సంగతి తెలిసిందా?"

"ఇంకా లేదు."

"అయితే నోరు మూసుకుని తొక్క తియ్యి."

మామయ్య కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాడు. తొక్కతో పాటు సగం దుంప కూడా పోయేంత మందంగా తీశాడు. కోడలు చూసింది కానీ, ఈసారి ఏమీ గొణగలేదు.