నారప మొలతాడు

శనివారం సంత వచ్చిందంటే సిరుగుప్ప మిషన్ బడి మేష్టరు యేసుదానానికి కాలు ఒకచోట నిలవదు. రైతులు కరిగించమని తెచ్చిన పాత వెండి మూసలో పడకముందే పంపాపతి కంసాలి అంగడికి చేరుకోవాలి. నాగలికి తగిలిన నవాబుల రూపాయలు, అరిగిపోయిన కడియాలు, ఏది దొరికినా జేబులో వేసుకుని సంబరంగా ఇల్లు చేరతాడు. “వెండి తింటారా, అన్నం తింటారా?” అని భార్య జ్ఞానకుమారి దెప్పడం ఎప్పుడూ ఉన్నదే.

నవాబుల రూపాయలు చల్లగానే ఉండేవి. పెట్టుకున్నవాళ్లు బతికుంటే మాత్రం వెండి వాళ్ల ఒంటివేడి విడవదు, వాళ్లెంత దూరాన ఉన్నా సరే. అందుకే తిమ్మమ్మ ప్రతి సంతకూ ఆ ఇంటికి వచ్చేది. ఆమె కొడుకు నారప తొమ్మిదేళ్ల కిందట తన వెండి మొలతాడు కంసాలికి అమ్మి, గుంతకల్లులో బొంబాయి రైలెక్కాడు. మళ్లీ అయిపు లేడు, ఒక్క కబురూ లేదు. మేష్టరు కొన్న ఆ మొలతాడును కాసేపు గుప్పిట్లో పట్టుకుని, “ఉండాడప్పా” అని మజ్జిగ తాగి పోయేది తిమ్మమ్మ. ఆ ఒక్క మాట కోసం కోడలు రామక్క తమ ఇంటి వాకిట్లో కాచుకుని ఉండేది.

ఆ ఏడు క్రిస్మస్ ముందర జ్ఞానకుమారి, పండగ కదా అని పెట్టెలోని వెండంతా చింతపండుతో తోమింది. పులుపు తగిలిన వెండి మూడు రోజులు వేడి మరిచిపోతుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. మర్నాడే సంత. తిమ్మమ్మ మొలతాడు పట్టుకుంది. పట్టుకుని అక్కడే కూలబడింది.

ఆ తర్వాత మేష్టరుకు పెట్టె తెరవడానికి చేతులు రాలేదు. నెల గడిచాక తెరిస్తే మొలతాడు వెచ్చగా ఉంది. ఆనాటి చల్లదనం చింతపండు పులుపు పనేనని అప్పుడు తెలిసింది ఆయనకు. ఈలోగా నారప దినాలు అయిపోయాయి. రామక్కకు బండ్రి ఊరి హనుమప్పతో మారుమనువు కుదిరింది.

మేష్టరు పరుగున పోయి తిమ్మమ్మ చేతిలో పెట్టాడు. “తప్పు మాదేనమ్మా. నీ కొడుకు ఉండాడు.”

తిమ్మమ్మ దాన్ని చెంపకు ఆనించుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

“ఉండి కూడా ఒక కార్డు ముక్క రాయలేదు కదప్పా వాడు.”

లోపల రామక్క ఎవరితోనో మాట్లాడుతూ నవ్వింది.

“తొమ్మిదేండ్లకు నగుతాంది ఆ పిల్ల. ఇది ముట్టుకున్నాదంటే మళ్లీ వాకిట్లో కూసుంటాది.”

“చెప్పకుంటే పాపం కదమ్మా?”

“ఆ పాపం నాకుండనీ. పంపాపతి కాడికి పోదాం పా. దీన్ని కరిగించి ఆ పిల్లకు మెట్టెలు చేయించాల.”

“కరిగిస్తే నీకింక కొడుకు సంగతి ఎట్ల తెలుస్తాదమ్మా?”

“తెలీదు.” అంతే అంది తిమ్మమ్మ. బడిలో పిల్లలకు సత్యం బోధించే మనిషి ఆ రోజు నోరు మూసుకుని ఆమె వెనకాల నడిచాడు.

మనువు నాడు విధవరాలైన తిమ్మమ్మ మెట్టెలు తొడగకూడదని అమ్మలక్కలు అడ్డం పడ్డారు. రామక్క వినలేదు. “మా అత్తే తొడగాల” అని కాళ్లు చాచింది. తిమ్మమ్మ వంగి తొడిగింది. తొడిగాక కూడా వేళ్లు తీయకుండా కొడుకు వేడి కోసం కాసేపు వెతికింది. వెండి వెచ్చగానే ఉంది. ఆ వేడి రామక్కది.