ఆది జాకెట్లు

మా మునిలక్ష్మికి పదమూడేండ్లు. పుంగనూరులో వాళ్ల బడి ఖోఖో జట్టులో దాని అంత జోరుగా పరిగెత్తే పిల్ల లేదు. ఈ ఏడు, 1983లో, కుప్పంలో పోటీలని చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే దిగులు. బస్సు బోల్తా పడుతుందేమో, ఆ ఊరి నీళ్లు పడవేమో, అడవిలోంచి ఏనుగులొస్తాయేమో.

"ఏనుగులు ఖోఖో సూడ్డానికి రావులేమ్మా" అని నవ్వేది.

అట్లాంటి పిల్ల ఒకనాడు బడి నుంచి వచ్చి "నేను కుప్పం పోను" అనింది. నేను మిషను కుడతా ఉండా. నా మెడలో టేపు చూసి మొహం తిప్పుకునింది.

"ఏమైందే?"

"సెప్తే ఆట మాన్పిస్తావు."

"మాన్పించను. నీ తలమీద ఒట్టు."

"డ్రిల్లు మాస్టరు శంకరప్ప సారు యూనిఫారాలకు కొలతలు తీస్తాండాడు. బంతుల గదిలో, తలుపేసి, ఒక్కొక్కరినే. వద్దన్నా ఇడిసిపెట్టడు."

నా కాలు మిషను మీదనే ఆగిపోయింది. పన్నెండేండ్లుగా ఈ వీధి ఆడోళ్లకు కుడతాండాను. ఎవరి ఒంటిమీదా టేపు పెట్టింది లేదు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆదికని తెచ్చిస్తారు, దాన్ని పరిచి కొలుస్తాను. ఆడదాన్ని నాకే లేని పని, మగోడికి యాల?

పక్కింటి తిమ్మక్కతో చెప్తే "నీకు పిల్లి ఎదురొచ్చినా పులేగదమ్మే" అని ఎగతాళి చేసింది. ఆమె కూతురూ జట్టులో ఉండాది. పిలిచి అడిగినాము. ఆ పిల్ల ఏడుపు చూసినాక తిమ్మక్కే నాకన్నా ముందు లేచింది. ఇద్దరమూ ఇల్లిల్లూ తిరిగి పన్నెండు మంది పిల్లోళ్ల ఆది జాకెట్లు మూట గట్టినాము.

మరుసటి దినం తిమ్మక్కతో పోయి ఆ మూట హెడ్మాస్టరు టేబులు మీద పెట్టినా.

"ఇవిగో సార్ కొలతలు. ఇంక ఏ పిల్లా ఆ గదిలోకి పోదు."

సంగతంతా విని ఆయన గొంతు తగ్గించినాడు. "మెల్లిగా మాట్లాడమ్మా. ఆడపిల్లల పేరు పోతాది."

"మా పిల్లల పేరు యాల పోవాల? తలుపేసింది వాళ్లా?"

వరండాలోనుంచి శంకరప్ప వచ్చినాడు. "సదువు రాని మనిషి సార్, ఆటల సంగతి ఏం తెలుసు?"

"ఏడో క్లాసు సదివినానప్పా. టేపు సంగతి నీకన్నా బాగా తెలుసు. ఇదిగో టేపు. తలుపులు బార్లా తెరిచి, అందరి ముందరా హెడ్మాస్టరు సారుకు తీయి కొలత. పిల్లోళ్లకు ఎట్ల తీసినావో అట్లనే తీయి."

వరండాలో గుంపు కూడింది. శంకరప్ప టేపు ముట్టలేదు.

"ఆయన కుప్పం పోతే మా పిల్లలు పోరు" అనింది తిమ్మక్క.

ఆఖరికి తెలుగు టీచరమ్మా నేనూ జట్టును తీసుకుపోయినాము. మునిలక్ష్మి ఆడింది. నేను మైదానం గట్టున కూర్చుని ఆడున్న బంతుల గది తలుపునే చూస్తా ఉండా.

తిరిగొచ్చినాక తెలిసింది, శంకరప్పను మదనపల్లె పక్క ఇంకో బడికి మార్చినారంట. శిక్ష అంతే! ఆ బడిలో ఆడపిల్లలు లేరా? వాళ్లకు తల్లులు లేరా?

రేపు పొద్దున బస్సుకు తిమ్మక్కా నేనూ మదనపల్లెకు పోతాండాము, బడుల పెద్దాఫీసరును చూసేదానికి. శంకరప్పను ఏ బడిలోనూ పెట్టొద్దని అర్జీ మునిలక్ష్మే రాసింది. కింద పన్నెండు మంది తల్లుల సంతకాలూ వేలిముద్రలూ ఉండాయి. ముందు ఆ బడి గేటు కాడ దిగి, ఆ పిల్లోళ్ల అమ్మలకు చెప్పి, ఆ తర్వాతే ఆఫీసుకు.