రెండు సీసాల మాత్రలు

ఊల్కాన్ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఏడుసార్లు లేచింది. మూడు నెలల కిందట రెండుసార్లు లేవడానికే ఆపసోపాలు పడిన మనిషి, ఇవాళ తన జడ తానే వేసుకుని వచ్చింది. ఆమెతోపాటు నరిన్ కొండల నుంచి వచ్చిన బాత్మా కూడా సరిగ్గా ఏడుసార్లే లేచింది.

డాక్టర్ అసిల్‌గుల్‌కు సంతోషం ఆగలేదు. కండరాలు వాచి, మనిషిని మూల కూర్చోబెట్టే ఆ జబ్బుకు కొత్త మందు పరీక్షించాలని ఆరేళ్లు కాళ్లరిగేలా తిరిగింది. చివరికి రాజధాని బిష్కెక్‌లోని ఆసుపత్రిలో ముప్పై ఆరుగురు కుదిరారు. సగం మందికి మందు, సగం మందికి మందు లేని ఉత్త మాత్రలు. ఎవరివి ఏవో ఆమెకూ తెలియదు.

"ఇద్దరూ ఒక్కలాగే కోలుకున్నారే, అక్కా!"

"కోలుకోమూ మరి? ఒక్కలాగే మింగాంగా," అంది ఊల్కాన్ గొప్పగా. "రెండు సీసాలూ గుడ్డ మీద పోసి, కలిపేసి, చెరిసగం పంచుకున్నాం."

అసిల్‌గుల్ చేతిలో కలం ఆగిపోయింది. "ఎవరి సీసా వాళ్లదేనని లక్షసార్లు చెప్పాను కదక్కా! ఎందుకు చేశారిలా?"

"ఒకరికి ఉత్త మాత్రలు రావచ్చని నువ్వే అన్నావుగా," అంది బాత్మా. "భోజనానికి గుడ్డ పరిచాక ఒకళ్లు తింటుంటే ఒకళ్లు చూస్తూ కూచోడం మనిళ్లల్లో ఉందా? నువ్వు ఏ ఇంట్లో పుట్టావే తల్లీ?"

అసిల్‌గుల్ ముందున్న పరీక్ష పత్రం కేసి చూసింది. రాయకపోతే ఎవరికీ తెలియదు. రాస్తే నియమం ప్రకారం ఇద్దరూ పరీక్ష నుంచి తప్పుకోవాలి, మాత్రలు ఆగిపోతాయి. కానీ సగం సగం మింగినవాళ్లను లెక్కలో ఉంచితే మందుకూ ఉత్త మాత్రకూ తేడా కనపడక, మంచి మందు కూడా పనికిరానిదని తేలవచ్చు. అప్పుడు రేపు వచ్చే రోగులకు అది అందకుండా పోతుంది. ఈ ఇద్దరి మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టింది.

"పాత మందు ఇస్తామక్కా. ఇది మాత్రం ఇంక ఇవ్వకూడదు."

ఊల్కాన్ ఒళ్లో ఉన్న తన చేతులకేసి కాసేపు చూసుకుంది. "ఇద్దరికీ ఆపేస్తారా?"

"ఇద్దరికీ."

"అయితే సరేలే," అంది. తెచ్చిన మూట విప్పి, రొట్టెను మూడు ముక్కలు చేసి, పెద్దది డాక్టరు ముందుకు జరిపింది. "దీన్ని పంచుకోవచ్చుగా? దీనికేం అడ్డులేదుగా?"

అసిల్‌గుల్‌కు ఏడుపొచ్చింది. కానీ ఆమె తినేదాకా వాళ్లిద్దరూ తమ ముక్కలు ముట్టరు. అందుకని తింది.