స్తంభానికి సన్మానం

అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడని పెద్దలన్నారు. కేశవరావుగారికి మాత్రం తిథి, వారం, హాలు పేరు, మేడమెట్ల గుర్తులతో సహా కార్డు మీద అచ్చేసి ఇచ్చారు. అమలాపురం ఇంజనీర్ల సంఘం వాళ్ల ఏడాది అవార్డుల విందు. ఆయన ముఖ్య అతిథి, ముఖ్య వక్త కూడాను. 'విందు' అంటే వినేదో తినేదో ఆ సంఘం ఎన్నడూ తేల్చుకోలేదు. వినాల్సినవాళ్లు తినడానికొస్తారు, తినిపించేవాళ్లు ముందు వినమంటారు.

బయల్దేరే వేళకి కేశవరావుగారు బనీనుతో భోజనాల బల్ల దగ్గర కూర్చుని రేడియో పొట్ట విప్పి చూస్తున్నారు. ఆయన ఉద్యోగమంతా రేడియో ఇంజనీరుగా, ఐ.పోలవరం దారిలో రొయ్యల చెరువుల వెనక నిలబడ్డ ప్రసార స్తంభం నీడలోనే గడిచింది. రిటైరయ్యాక కూడా ఆ స్తంభం మీంచి వస్తేనే ఆయనకి వార్తలు. కొన్నాళ్లుగా అవి రావడం లేదు. ఒట్టి గరగర.

"ఆ స్క్రూడ్రైవరు పక్కన పడేసి చొక్కా తొడుక్కోండి," అన్నారు మాణిక్యంగారు, బండారులంక చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ. "నిన్న విప్పేరు, మొన్న విప్పేరు. పోస్టుమార్టం ఎవరికైనా ఒక్కసారే చేస్తారండీ."

"కండెన్సరేమోనని..."

"కండెన్సరు సంగతి నాకు తెలీదు గానీ, మీ సెన్సు మీద నాకు అనుమానంగా ఉంది. పొద్దున్న ఆ సత్తియ్య సెట్టు కూడా పలకట్లేదన్నాడు కదా! రెండిళ్లలో రెండు సెట్లకీ ఒకేసారి జబ్బు చేస్తుందేంటి?"

"ఉప్పుగాలి," అన్నారాయన.

సత్తియ్య ఐ.పోలవరం వైపు వేటపడవల పెద్ద. "మీ రేడియో పలకట్లేదండి బాబూ, సముద్రం కబురేంటో తెలీట్లేదు," అని పొద్దున్నే ఫోన్ చేశాడు. కేశవరావుగారు ఉద్యోగంలో ఉండగా నోరరిగేలా చెప్పిన జవాబే మళ్లీ చెప్పారు: "స్టేషన్లో ఏం తేడా ఉండదు సత్తియ్యా. నీ సెట్టు చూసుకో. బ్యాటరీలు మార్చు."

ఆ వృత్తిలో అది వేదవాక్కు. వినేవాడి ఇంటి దగ్గర మొదలుపెట్టి స్తంభం దాకా వెతుక్కుంటూ రావాలి గానీ ముందుగా స్తంభాన్ని శంకించకూడదు. అందుకే తన సెట్టు మూగబోతే ఆయన తన సెట్టునే కోశారు.

"మార్చేనండి. పోన్లెండి, గాలివాన ఉంటే మీవోళ్లే చెబుతారు. చెప్పలేదంటే లేదనే కదండీ," అని సత్తియ్య పెట్టేశాడు.

ఆ మాటా కేశవరావుగారిదే. ఒడ్డు దాటి కొంచెం లోపలికెళితే ఫోన్లలో సిగ్నల్ గీతలు మాయమవుతాయి, రేడియో ఒక్కటే పలుకుతుంది. 'ప్రమాదం ఉంటే మేం చెబుతాం, చెప్పలేదంటే ధైర్యంగా వెళ్లండి' అని ఒకప్పుడు రేవురేవుకీ తిరిగి నేర్పింది ఆయనే.

హాలు గుమ్మంలో సంఘం కార్యదర్శి కిషోర్ ఎదురొచ్చాడు. "రండి సార్, రండి! పిన్నిగారు కూడా వచ్చేరు! ఆయ్, మా అదృష్టవండీ. ఇవాళ మీకో సర్‌ప్రైజుందండి."

"ఈ వయసులో సర్‌ప్రైజులెందుకయ్యా? బీపీ ఉంది."

"ఇది బీపీ తగ్గించేదండి!"

తరవాత మామూలే. ఏసీ గాలికి దీపం వెలగనంది, వెలిగించేవాళ్లు వదలమన్నారు. ప్రార్థన, నివేదిక, నివేదికలో ప్రార్థన. కేశవరావుగారికి శాలువా కప్పారు. ఆయన "చాలు బాబూ" అన్నారు. అది 'శాలువా బాబూ' అని వినిపించిందేమో, ఇంకొకటి కప్పారు. అలసట ఆయనకి మోకాళ్లలో బయల్దేరి నడుం మీదుగా కనురెప్పల దాకా వచ్చింది. జేబులో 'రేడియో నిన్న, నేడు, రేపు' అనే ప్రసంగం ఉంది. ఏ ఊరు పిలిచినా అదే. బతుకంతా గాలిలో కబుర్లు పంపారే గానీ గాలికబుర్లు చెప్పడం రాని మనిషాయన. ఆ కాగితం చదివేసి, ఏదో ఇంత తిని, ఇంటికి పోయి ఆ సెట్టు సంగతి తేల్చాలి. అంతకు మించి ఆయనకి ఏ కోరికా లేదు.

"ఇక ఈ ఏటి ఉత్తమ ఇంజనీరు అవార్డు... మన శ్యామ్ బాబుకి!" అని కిషోర్ మైకులో అరిచాడు. "ఆయన చేసిన పనేంటో తెర మీద చూడండి!"

తెర మీద పైనించి తీసిన వీడియో మొదలైంది. చెరువులు, కొబ్బరితోటలు, మధ్యలో ఎరుపూ తెలుపూ పట్టీలతో తన స్తంభం. తనని గౌరవించడానికే వేశారనుకున్నారు కేశవరావుగారు. అప్పటిదాకా వాలిపోయి ఉన్న మనిషి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. కిందనించి ఎవరో చెయ్యూపారు. స్తంభాన్ని నిలబెట్టిన కట్టుతీగలు ఒక్కొక్కటే వదిలారు. స్తంభం ఒకసారి ఊగి, పడనా మాననా అన్నట్టు ఆలోచించి, పొడుగునా నేలమీద పడుకుంది. హాలంతా చప్పట్లు.

స్తంభం కూలింది. కేశవరావుగారు స్తంభించారు.

"ఎలా ఉందండి సర్‌ప్రైజు?" కిషోర్ చెవి దగ్గరకి వంగాడు. "మీ స్తంభానికే అవార్డొచ్చింది! అందుకే మీ చేత్తోనే ఇప్పించాలని నేనే పట్టుబట్టేను. అటు కరెంటు తీగలు, ఇటు చెరువులు. ఒక్క రొయ్య చావలేదండి!"

"ఎప్పుడు పడగొట్టేరు?"

"పోయిన వారవండి. ప్రసారం అంతకు ముందే ఆపేసేరు. పైనించి ఆర్డరు. ఈ రోజుల్లో దాన్నెవరు వింటున్నారండీ?"

కేశవరావుగారు కోపం తెచ్చుకుందామని చూశారు. కోపానికీ ఓపిక కావాలి. కిషోర్ మొహం నిండా ప్రేమే ఉంది, దాన్ని తిట్టడం ఎలాగో ఆయనకి తెలీలేదు. తన సెట్టు బాగానే ఉంది. సత్తియ్య సెట్టూ బాగానే ఉంది. బ్యాటరీలు మార్చి, గరగర విని, సముద్రం చల్లగా ఉందనుకుని పడవ తీస్తాడు సత్తియ్య. ముందు వరసలో మాణిక్యంగారు ఈయన్నే చూస్తున్నారు. ఆవిడకి తెర చూడగానే అర్థమైపోయింది.

మైకు చేతికిచ్చారు. కాగితం జేబులోనే ఉండిపోయింది.

"నిన్న, నేడు, రేపు అని రాసుకొచ్చేనండి. అందులో నేడూ రేపూ ఇప్పుడే మీ తెర మీద పడిపోయేయి."

అందరూ నవ్వారు.

"ఇంతమంది ఇంజనీర్లం ఉన్నాం. అది ఆగిపోయిందని రేడియో పెట్టుకుని తెలుసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

నవ్వు ఆగింది. వెనక వడ్డన బల్లల దగ్గర ఎవరో గరిటె జారవిడిచారు.

"నాకూ తెలీలేదండి. అది ఆగుతుందని నా బుర్రకే తట్టలేదు. ఇంట్లో సెట్టు విప్పుకు కూర్చున్నాను. పొద్దున్న పడవలాయన ఫోన్ చేస్తే నీ సెట్టే పాడైందని చెప్పేను. రేడియో మాట్లాడలేదంటే సముద్రం బాగున్నట్టని వాళ్ల లెక్క. నేర్పింది నేనే. ఇకనించి తుఫానొచ్చినా అది మాట్లాడదు. వాళ్లేమో బాగుందనుకుంటారు."

వెనకెవరో చప్పట్లు మొదలుపెట్టి, తోడు రాకపోయేసరికి మానేశారు.

శ్యామ్ బాబు కొత్త కోటులో చెమట్లు కక్కుతూ పక్కనే నిలబడి ఉన్నాడు. కేశవరావుగారు ఆ అద్దం జ్ఞాపిక రెండు చేతులా ఎత్తి అతనికిచ్చారు.

"పని బాగా చేసేవు నాయనా. దాన్ని నిలబెట్టేటప్పుడు మాకో మనిషి కాలు విరిగింది. నువ్వు ఎవరికీ గోరు ఊడకుండా పడుకోబెట్టేవు. కానీ రేపు నాతో రేవుకి రావాలి. పడగొట్టినవాడివి నువ్వు, పాడవలేదని చెప్పినవాణ్ణి నేను. ఇద్దరం ఎదురుగా నిలబడి చెప్పాలి."

శ్యామ్ బాబు కిషోర్ వైపు చూశాడు. కిషోర్ వడ్డన బల్లల వైపు చూశాడు.

"ఆయ్. వస్తానండి," అన్నాడు శ్యామ్ బాబు.

"సారు ఎంత సరదాగా మాట్లాడేరో చూసేరా!" కిషోర్ మైకు అందుకున్నాడు. "అందరూ భోజనాలకి దయచేయండి!"

సరదా ఏమిటో ఎవరూ అడగలేదు. పులావు వాసన వచ్చాక ఎవరికీ ప్రశ్నలుండవు.

మూలనున్న బల్ల దగ్గరికి శ్యామ్ బాబు కంచం పట్టుకొచ్చి నిలబడ్డాడు. "ఇంకా వినేవాళ్లున్నారని నాకెవరూ చెప్పలేదండి. పాత ఇనుమన్నారు, తీసేసేను."

"నీ తప్పేం లేదు బాబూ, కూర్చో," అన్నారు మాణిక్యంగారు. భర్త వైపు తిరిగి, "ఆ సత్తియ్యకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్యకూడదూ?" అన్నారు.

"చేసేను. ఎత్తలేదు. ఎత్తినా ఒక్క సత్తియ్యకే కదా. రేవులో అందరికీ చెప్పాలి."

శ్యామ్ బాబు ఫోన్ తీసి చూశాడు. "రేపటికి గాలి మామూలేనండి. తుఫానేం లేదు."

"అది మనకి తెలిసింది. వాళ్లకి తెలియాలి కదా."

శ్యామ్ బాబు ఫోన్ బోర్లా పెట్టేశాడు. "మరి ఇకనించి కబురెలా తెలుస్తాదని వాళ్లడిగితే ఏం చెప్పాలండి?"

కేశవరావుగారు అన్నం కలుపుకున్నారు. "నాకూ తెలీదయ్యా. దారిలో ఆలోచిద్దాం. చీకటుండగానే రా, పడవలు తీసేలోపు వెళ్లాలి."

"ఆయ్."

"ఆయ్ అంటే చాలదు. ఈ ఊళ్లో ఆయ్ అన్నవాడెవడూ రాడు."

"మీ ఇల్లెక్కడండి?" అన్నాడు శ్యామ్ బాబు.

కేశవరావుగారికి చెప్పే ఓపిక లేదు. మాణిక్యంగారే చేతిలో ముద్ద పట్టుకుని, వంతెన దిగాక ఎటు తిరగాలో, ఏ గేటు ముందు హారను కొట్టకూడదో వివరంగా చెప్పడం మొదలుపెట్టారు. పైనున్న రెండు శాలువాలూ తీయడం మర్చిపోయి, ఆయన తలొంచుకుని తింటున్నారు.