మూలుగు పాఠం

ఎదుటి మనిషి నొప్పి మనకు తెలుస్తుందా? ఈ ఒక్క ప్రశ్న మీద జ్యోతిరాణి ఏడేళ్లుగా పరిశోధన చేస్తోంది. తెలియదని తేల్చింది కూడా. మూలిగినవాడికల్లా నొప్పి ఉన్నట్టు కాదు, మూలగనివాడికి లేనట్టూ కాదు. ఆమె థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం ఇదే గోల. బెల్లంపల్లి డిగ్రీ కాలేజీలో తన దగ్గర ఫిలాసఫీ చదివే తొమ్మిది మందికీ ఇదే చెప్పింది. పరీక్షలో వస్తుందేమోనని వాళ్లు బుద్ధిగా రాసుకున్నారు.

ఇంతలో ఆమె తండ్రి కైలాసం మెడికల్ బోర్డుకు వెళ్లి, ఫిట్ అనిపించుకుని వచ్చాడు. ఆరోగ్యంగా ఉన్నాడన్నందుకు ఇంట్లో ఒకటే ఏడుపు. మరి ఏడవరా? ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో అరిగిన నడుము అది. బోర్డు అన్‌ఫిట్ అని రాస్తేనే ఆ ఉద్యోగం కొడుకు శ్రావణ్‌కు వస్తుంది. శ్రావణ్ డిగ్రీ అయి నాలుగేళ్లు, ఇంకా ఖాళీగానే ఉన్నాడు. మిగిలింది ఇంకొక్క అవకాశం, వచ్చే మంగళవారం.

"నొప్పి ఉన్నదా అని డాక్టర్ అడిగితే ఏమన్నవయ్యా?" భార్య సత్తమ్మ నిలదీసింది.

"జర ఉన్నదన్న."

"జర! పక్కింటి రాజేశం ఎంత మొత్తుకున్నడో తెల్సా? నువ్వు కొత్త పెండ్లికొడుకు లెక్క సిగ్గువడ్తివి."

మూలగడం నేర్పే పని కూతురి మీద పడింది. నొప్పి గురించి అంత చదివిన మనిషి ఆ కాలనీలో ఇంకొకరు లేరాయె. కాలేజీ నుంచి రాగానే తండ్రిని కుర్చీలో కూచోబెట్టి లేవమనేది.

"లేసేటప్పుడు నడుం పట్టుకొని 'అవ్వా' అనాలె బాపూ."

"అవ్వా," అన్నాడు కైలాసం, హాజరు పలికినట్టు.

"అట్ల కాదు. నొప్పి లేస్తున్నట్టు."

"లేస్తనే ఉన్నది బిడ్డా."

"మరి కనవడాలె గద!"

ఆరు రోజులు నేర్పినా ఆయనకు పట్టుబడలేదు. ఇంత మొద్దు విద్యార్థి ఆమెకు కాలేజీలో కూడా తగల్లేదు.

మంగళవారం ఇద్దరూ బోర్డు గది బయట బెంచీ మీద కూచున్నారు. పేరు పిలిచారు. కైలాసం లేవబోయి, నడుం పట్టుకుని, వరండా అంతా తిరిగి చూసేలా మూలిగాడు. జ్యోతిరాణి గబుక్కున లేచి పట్టుకోబోయింది. మరుక్షణం శభాష్ అనుకుంది. అరగంటకు ఆయన బయటికొచ్చాడు. అన్‌ఫిట్.

"ఎంత మంచిగ చేసినవ్ బాపూ! నేను సుత నిజమే అనుకున్న."

కైలాసం గోడ పట్టుకుని నిలబడ్డాడు. "గిది యాక్టింగ్ కాదు బిడ్డా. గిన్నేండ్లు ఇంట్ల చేసింది యాక్టింగ్. మీరు పరేషాన్ అయితరని చేసిన. ఇయ్యాల బంద్ చేసిన, గంతే."

జ్యోతిరాణికి అక్కడే, అందరి ముందే ఏడుపొచ్చింది. ఏడేళ్లలో ఎన్ని పుస్తకాలు తిరగేసిందో లెక్కలేదు. ఈ మనిషి పక్కన కూచుని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు.

"ఎక్కడ నొప్పి బాపూ?" అంది.

ఆయన మెడ దగ్గర నుంచి మొదలుపెట్టాడు.